మూసీ వరదలు - ఇంటి బీమా

హైదరాబాదు నగరమును 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది ముంచివేసినది. ఆ వానలో శంషాబాదునందు 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.90 అంగుళములు పడినట్లు నమోదైనది. నది మీది వంతెనలలో అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు నిలువలేదు. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రము నిలిచినది. వేలకొలది ఇండ్లు కూలినవి. మృతులు పదిహేనువేల వరకు ఉందురని సాధారణముగా చెప్పుదురు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టుపైకి ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు తరువాత చాలకాలము నిలిచియుండి, నగరమునకు ఆ దినమును జ్ఞాపకము చేసినది.

ఇంత నీరు ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన 1909 అక్టోబరు 1వ తేదీన తన నివేదికను సమర్పించిరి. ఆయన మొదట చూచినది నదిని కాదు, చెరువులను. నగరమునకు ఎగువన సుమారు 860 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతమున 788 చెరువులు ఉండెను. అనగా ఇంచుమించు మైలుకొక చెరువు. వానిలో 221 చెరువులకు గండ్లు పడినవి.

మన గొలుసుకట్టు చెరువుల తీరు తెలిసినవారికి ఇందలి ప్రమాదము వెంటనే బోధపడును. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువును చేరును, అది నిండిన పిదప మరియొక దానిని. సాధారణ సంవత్సరములలో ఇంతకంటె తెలివైన ఏర్పాటు లేదు. కాని పై కట్ట తెగినపుడు, అలుగు మీదుగా మెల్లగా పోవలసిన నీరు ఒక్కమారుగా క్రింది చెరువుపై పడును. ఆ కట్టయు తెగును. ఆ వరద ఉచ్ఛదశలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించెనని లెక్కకట్టిరి.

ఈ సంఖ్య ఎంత పెద్దదో విద్యార్థులు స్వయముగా తేల్చుకొనవచ్చును. 860 చదరపు మైళ్ళపై ఒక్క అంగుళము వాన పడిన, ఆ నీరు సుమారు 200 కోట్ల ఘనపుటడుగులు. దానిని 4,25,000తో భాగించిన 4,700 సెకనులు వచ్చును, అనగా ఒక గంటా పదునెనిమిది నిమిషములు. ఆ పరీవాహక ప్రాంతమంతటిపై పడిన అంగుళము వాన అంత కాలములో నగరము గుండా పోవుచున్నదన్నమాట!

నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను ఆపవలెనని విశ్వేశ్వరయ్యగారు సూచించిరి. తత్ఫలితముగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. ఇవి మంచినీటికి కూడ ఉపయోగపడినవి. ఇందొక చిక్కు ఉన్నది. మంచినీటికై జలాశయము నిండియుండవలెను. వరదను ఆపుటకు ఖాళీగా ఉండవలెను. వానకాలము చివరలో తలుపులు ఎప్పుడు ఎత్తవలెనన్న నిర్ణయము నేటికిని సులభమైనది కాదు.

అయినను ఆనకట్ట దానికి ఎగువన పడిన వాననే ఆపగలదు. ఈ సంగతి నగరవాసులు మరచిరి. 2000 ఆగస్టులో నగరమున ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినది. 2020 అక్టోబరులో మరల భారీవర్షము వచ్చినపుడు నదికి దూరముగా ఉన్న కాలనీలు సైతము మునిగినవి. బాలాపూర్ వద్ద గుఱ్ఱం చెరువుకు గండిపడి పాతబస్తీలోని ఇండ్లలోనికి నీరు చొచ్చినది. విశ్వేశ్వరయ్యగారు 1909లో వ్రాసిన చెరువుల కథయే ఇది. ఈమారు చెరువుల క్రిందనే గాక చెరువులలోపల కూడ ఇండ్లు వెలసియుండెను. తెలంగాణమున చెరువు నిండినపుడు మునుగు నేలను శిఖం భూమి అందురు. ఎండకాలమున అది చదునుగా, ఆరిపోయి, ఇంటిస్థలమునకు ఎంతో అనువుగా కనబడును. అందుచేత స్థలము కొనువారు ఎండకాలమునగాక వానకాలమున చూడవలెనని నా అభిప్రాయము. చెరువు పూర్తి నీటిమట్టపు గీత ఎక్కడ ఉన్నదో, అలుగునీరు ఏ కాలువగుండా పోవునో గ్రామపటములో వెదకవలెను.

"ఇది నూరేండ్లకొకమారు వచ్చు వరద" యని పత్రికలలో చదువుదుము. వచ్చినది గనుక ఇక నూరేండ్లు భయములేదని చాలమంది అనుకొందురు. అది పొరపాటు. ఏ సంవత్సరమునందైనను ఆ వరద వచ్చుటకు నూటికి ఒక వంతు అవకాశమున్నదని మాత్రమే దాని అర్థము. నిరుడు వచ్చినను ఈ యేడు అవకాశము తగ్గదు. ఒక ఏడు రాకుండుటకు అవకాశము 0.99. ముప్పదియేండ్లు వరుసగా రాకుండుటకు 0.99ను ముప్పదిమార్లు హెచ్చించవలెను, 0.74 వచ్చును. అనగా ముప్పదియేండ్ల గృహఋణము తీరులోపల ఆ ఇల్లు మునుగుటకు నూటికి 26 వంతుల అవకాశమున్నది.

అట్లయిన బీమా సంస్థలు ఈ భారమును ఏల మోయవు? నిప్పంటుకొన్న వీధిలో ఒక ఇల్లు కాలును, మిగిలినవారి చందాతో దానిని తిరిగి కట్టవచ్చును. వరదలో వీధియంతయు ఒకేమారు మునుగును. పైగా మెరకమీది వారు బీమా చేయరు, పల్లములోనివారే చేయుదురు. అమెరికాలో 1927 మిసిసిపీ వరద తరువాత ప్రైవేటు సంస్థలు ఈ వ్యాపారము నుండి తప్పుకొనినవి. 1956లో అక్కడి కాంగ్రెసు ఒక చట్టము చేసినదిగాని దానికి సొమ్ము కేటాయించలేదు. 1965లో బెట్సీ తుఫాను లూయిసియానాను ముంచిన తరువాత, 1968లో ప్రభుత్వమే వరద బీమాను నెలకొల్పినది. ముంపు నేలలలో కట్టడములను అదుపుచేయు పట్టణములకే బీమా అన్న షరతు దానిలోని వివేకము. పాత ఇండ్లకు ప్రమాదమునకు తగినంత చందా వసూలు చేయకుండుట దానిలోని లోపము. 2005లో కత్రినా తుఫాను వచ్చుటతో ఆ పథకము పెద్దఅప్పులో పడినది. 2017లో 1,600 కోట్ల డాలర్ల అప్పును కాంగ్రెసు రద్దుచేయవలసి వచ్చినది.

మన దేశమున ఇంటికి అట్టి ప్రత్యేక వరద బీమా పథకము లేదు. అగ్నిబీమాలోనే వరదయు కలిసియుండును. 2021 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన 'భారత్ గృహ రక్ష' అను పాలసీలో అగ్ని, తుఫాను, వరద, ముంపు మొదలగునవి చేరియున్నవి. ఇంటిని బీమాచేసిన, అందలి సామానులకు కూడ ఆ మొత్తములో నూటికి ఇరువది వంతుల వరకు, పదిలక్షల రూపాయలకు మించకుండ రక్షణ లభించును. బీమా మొత్తమును కట్టుబడి ఖర్చునుబట్టి నిర్ణయింతురు. స్థలము వెల అందులో చేరదు. చెరువులో కొన్న స్థలమునకు పెట్టిన సొమ్ము ఏ పాలసీవలనను తిరిగి రాదు.