మేం రాజులమట!

ఏటా సెప్టెంబర్ 17 వస్తుంది. విమోచనమా, విలీనమా, విద్రోహమా అని పేరు దగ్గరే పెద్దలు కొట్లాడుకుంటారు. ఏ పేరు పెట్టినా మాకు మిగిలేది ఒకటే ప్రశ్న: "మీ తాతలు రజాకార్లే కదా?" అడిగేవాళ్లలో మతతత్వవాదులే కాదు, మాతో కలిసి చాయ్ తాగే ప్రగతిశీల మిత్రులూ ఉన్నారు. చేతులు కట్టుకుని సంజాయిషీ ఇచ్చుకోవడం మాకు ఇష్టం లేదు. రజాకార్లను వెనకేసుకురావడం అంతకన్నా ఇష్టం లేదు. అసలు ఒక పేద సాయిబు రజాకారు ఎట్లా అయ్యాడో చూద్దాం.

నిజాం రాజ్యంలో ముస్లింలు వందకు 13 మంది కూడా లేరు. వాళ్లలో నవాబులు, జాగీర్దార్లు, పెద్ద కొలువుల వాళ్లు పిడికెడు. మిగిలినవాళ్లు దూది ఏకేవాళ్లు, జట్కా తోలేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, చిన్న జీతపు జవాన్లు. ఊళ్లో భూమి దేశ్‌ముఖ్‌ది, లెక్క పట్వారీది. 1927లో పుట్టిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఈ జనానికి భూమి ఇవ్వలేదు, కూలి పెంచలేదు. ఒక మాట మాత్రం ఇచ్చింది. అనల్ మలిక్. నేనే రాజును! నిజాం ఒక్కడే రాజు కాదని, ముస్లింలందరి ఏలుబడికీ ఆయన ప్రతీక అని బహదూర్ యార్ జంగ్ చెప్పాడు. ఆయన గొప్ప వక్త. విన్న పేదవాడు ఆ రాజరికాన్ని ఇంటికి మోసుకుపోయాడు. పొయ్యిలో పిల్లి లేవకపోయినా రాజు రాజే మరి.

మనిషికి అన్నం ఆకలి ఒక్కటే ఉండదు. పదిమందిలో తలెత్తుకుని తిరగాలనే ఆకలీ ఉంటుంది. అది తప్పూ కాదు. మజ్లిస్ ఆ ఆకలిని కనిపెట్టింది.

1944లో యార్ జంగ్ చనిపోయాడు. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికి మజ్లిస్ వచ్చింది. మరుసటి ఏడు దేశం రెండయింది. చంపుకున్న వార్తలు, పారిపోయి వచ్చిన జనం. ఏలుతున్నామన్న గర్వానికి పోతామన్న భయం తోడయ్యాక అట్లాంటివాడి చేతికి కర్ర ఇవ్వడం ఎంత తేలిక! 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి పదుల మందిని చంపిన గుంపులో ఆ రాజులున్నారు. దాన్ని మేం మా చరిత్రలోంచి కొట్టెయ్యం.

అట్లాగే షోయబుల్లా ఖాన్‌నూ కొట్టెయ్యనివ్వం. హైదరాబాద్ ఇండియాలో కలవాలని తన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్'లో రాసినందుకు అదే నెలలో ఆయన చేతులు నరికి చంపారు. విసునూరు దేశ్‌ముఖ్ అండతో తన భూమి కాజేయాలని చూస్తే కోర్టుకెక్కి, చివరకు హత్యకు గురైన షేక్ బందగీ ఉన్నాడు. కమ్యూనిస్టు కవి మఖ్దూం ఉన్నాడు. వీళ్లు ఎవరి తాతలు? ఆ విసునూరు దొర రామచంద్రారెడ్డి హిందువు. ఆయనకు అండ నిజాం సర్కారు. దొరకూ సర్కారుకూ మధ్య మతం ఏనాడూ అడ్డం రాలేదు.

సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. 1950లో నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. రజ్వీ జైలుకు పోయి, 1957లో విడుదలై, పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకుని గడీలకు తిరిగొచ్చారు. పద్దు మాత్రం పేదవాడి మీద పడింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు మరీ ఘోరంగా దెబ్బతిన్నాయి. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఊరూరూ తిరిగి చూశారు. పోలీసు యాక్షన్ సమయంలో, ఆ తర్వాత చనిపోయిన వాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టారు. కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ లూటీలోనూ చంపడంలోనూ పాల్గొన్నారని రాశారు. ఆ నివేదికను సర్కారు బయటపెట్టలేదు. ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో అది జనం చూడడానికి వీలయ్యేసరికి 2013 వచ్చింది.

రజాకార్ల మీద కసి ఉండడం నిజమే. అయితే చచ్చినవాళ్లంతా రజాకార్లా? ఇళ్లూ దుకాణాలూ దోచుకున్నది కసితోనేనా? కసి తగ్గాక కూడా లూటీ సొమ్ము ఎవరూ వాపసు ఇవ్వలేదేం? రజ్వీ మా వాళ్లకు రాజరికం ఆశ చూపాడు. అటువైపు ఇంకెవరో ధర్మరక్షణ పేరు చెప్పి పక్కింటి తలుపు పగలగొట్టించారు.

మనిషి స్వభావమే అంత అని చేతులు దులుపుకునేవాళ్లు ఆ నివేదికలో ఇంకో సంగతి చదవాలి. హిందువులు ఎంతోమంది తమ ముస్లిం పొరుగువాళ్లను కాపాడారు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడ్డారు, తామూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. రజాకార్ల దెబ్బ వాళ్లకు తెలియనిదా? తెలిసే ఉంటుంది. కానీ పక్క మగ్గం మీద కూర్చునేవాడు ఎంతటి రాజో కూడా వాళ్లకు తెలుసు. ఆ నేతగాళ్ల ఊళ్లు ఏవో, పేర్లు ఏమో వెతికి రాసుకునే పని మా మీద ఉంది. వాళ్ల మనుమలు కొందరు ఇంకా మగ్గాల మీదే ఉండొచ్చు.