ఖరాదు కథ: విల్లు తాడు నుంచి చక్కు దాకా

మంచం కోడు, ఊయల కమ్మీ, అప్పడాల కర్ర, బొంగరం, చదరంగం పావు, తస్బీ పూస. చూడడానికి ఇవి వేర్వేరు వస్తువులు. కాని ఇవి పుట్టే చోటు ఒక్కటే. కర్రను గిరగిర తిప్పుతూ, తిరిగే కర్రకు ఉలి ఆనించి, దానిని నున్నగా గుండ్రంగా తెచ్చే యంత్రం మీద ఇవన్నీ పుట్టినవి. ఈనాడు మనమందరం ఆ యంత్రాన్ని లేతు అంటున్నాము. మన ఇండ్లలో పెద్దవారి ఉర్దూలో దాని పేరు ఖరాదు. ఆ పని చేసేవాడు ఖరాదీ. తెలుగులో దానికి తరిమెన అని పేరు. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర 1852లో వెలువరించిన నిఘంటువులో ఈ మాట ఉన్నది. తరిమెన పట్టడమంటే లేతు మీద కర్ర తిప్పడమే.

ఖరాదు అనే మాటకు మూలం అరబ్బీలోని ఖర్రాత్. అంటే కర్రను తిప్పి చెక్కే పనివాడు. ఆ మాట ఈరాను మీదుగా హిందుస్తానానికి వచ్చి, ఉర్దూలో ఖరాదుగా మారినది. ఒక్క ఈ మాటే కాదు. వడ్రంగి పనిముట్ల పేర్లు చూడండి. మేకు పారసీ మాట. కూర్చునే కుర్చీ అరబ్బీ మాట. రందా, బరమా హిందుస్తానీ నుంచి వచ్చినవి. మన ఊళ్ళో ఏ మతం వడ్రంగి అయినా ఇవే మాటలు వాడుతాడు. పని కలిసిన చోట భాష కూడా కలిసిపోయింది. దీనిని ఎవరూ చట్టం చేసి కలపలేదు.

విల్లుతో తిప్పిన కాలం

లేతు ఎంత పాతది? ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉన్నది. క్రీస్తు పూర్వం సుమారు 300 నాటిది. దాని గోడ మీద ఇద్దరు పనివారి బొమ్మ చెక్కి ఉన్నది. ఒకడు తాడు లాగుతూ కర్రను తిప్పుతుంటే, మరొకడు ఉలి పట్టుకొని ఉన్నాడు. లేతును చూపే బొమ్మలలో మనకు తెలిసిన పాత బొమ్మ అదే.

తరువాత ఒక్క మనిషే రెండు పనులూ చేసే ఉపాయం వచ్చింది. అదే విల్లు లేతు. నేల మీద రెండు దిమ్మెలు, ఒక్కొక్క దిమ్మెకు ఒక్కొక్క ఇనుప మొన. ఆ రెండు మొనల నడుమ కర్రను బిగిస్తారు. విల్లు తాడును కర్ర చుట్టూ ఒక మెలిక వేసి, కుడిచేత్తో విల్లును ముందుకు వెనుకకు ఆడిస్తారు. ఎడమచేతిలో ఉలి. ఆ ఉలి కదలకుండా కాలి వేళ్ళతో అదిమి పట్టడం. రెండు చేతులకూ కాలికీ ఒకేసారి పని. కైరో నగరంలో పాత ఇండ్ల కిటికీలకు మష్రబియ్యా అనే జాలీలు ఉంటాయి. ఎండ రాకుండా, గాలి వచ్చేటట్లు, లోపలి ఆడవారు బయటికి కనిపించకుండా కట్టిన జాలీలు అవి. ఒక్కొక్క కిటికీలో వందల కొద్దీ చిన్న చిన్న కర్ర పూసలు ఉంటాయి. వాటిని ఖర్రాతులు ఇట్లాంటి విల్లు లేతు మీదనే తిప్పినారు. మొరాకో బజారులలో ఈ పని ఇంకా కనిపిస్తుంది.

ఈ లేతులో ఒక మంచి, ఒక కొరత. మంచి ఏమంటే, కర్ర రెండు మొనల మీద తిరుగుతుంది గనుక దాని ఇరుసు తప్పదు. తీసి మళ్ళీ పెట్టినా అదే గుంటలో కూర్చుంటుంది. కొరత ఏమంటే, కర్ర ముందుకు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. వెనుకకు తిరిగేటప్పుడు ఉలిని పక్కకు తీయాలి. అంటే సగం శ్రమ వృథా. పైగా రెండు చివరలా మొనలు ఉన్నందున చివరను తొలిచి గిన్నె గానీ డబ్బీ గానీ చేయడానికి వీలుపడదు.

మన చుట్టుపట్ల

రాయచోటి ప్రాంతానికి మైసూరు సుల్తానులతో సంబంధం ఉన్నది. హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ మక్బరా గుర్రంకొండలో నేటికీ ఉన్నది. 1800లో నిజాము ఈ సీమను కుంపినీకి దత్తం చేయక ముందు మన పెద్దలు మైసూరు ఏలుబడిని కూడా చూసినారు. ఆ మైసూరు సీమలో, బెంగుళూరు నుంచి మైసూరు పోయే దారిలో చన్నపట్న అనే ఊరున్నది. మద్రాసుకు మనం చెప్పే చెన్నపట్నం కాదు, ఇది వేరు. లక్క పూసిన కర్ర బొమ్మలకు ఆ ఊరు పెట్టింది పేరు. టిప్పు సుల్తాన్ ఈరాను నుంచి పనివారిని పిలిపించి అక్కడ ఈ విద్య నేర్పించినాడని ఆ ఊరివారు చెప్పుకుంటారు. బావస్ మియాను అక్కడి బొమ్మల పనికి పితామహుడని గౌరవిస్తారు. ఆ ఊరిలో హిందువులు, ముస్లిములు ఒకే పని పక్కపక్కన కూర్చొని చేస్తూ వచ్చినారు.

మన తెలుగునాట ఈ విద్యకు నిలయం ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోది. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోది. అక్కడ బొమ్మలకు అంకుడు కర్ర వాడుతారు. మెత్తగా, తెల్లగా, పీచు లేకుండా ఉండే కర్ర అది. చన్నపట్నలో వాడేదీ ఆ జాతి చెట్టే. మన శేషాచలం కొండల వైపు కూడా అంకుడు చెట్టు పెరుగుతుంది. లేతు మీద కర్ర తిరుగుతుండగానే లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో అదిమితే అద్దంలాగా మెరుస్తుంది. పసుపు వంటి చెట్టు రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మనకు ఇంకా దగ్గరగా నెల్లూరు సీమలో ఉదయగిరి ఉన్నది. అక్కడి కర్ర గరిటెలు, చెంచాలు, ఫోర్కులు ప్రసిద్ధి. పని చేసేవారిలో ఎక్కువమంది ముస్లిములే. ఆడవారు కూడా ఉన్నారు. అయితే ఆ చెంచా లేతు మీద పుట్టదు. ఉలితో, ఆకురాయితో చేత్తో చెక్కే పని అది. ఈ తేడా తెలియాలి. గుండ్రనిది లేతు ఇస్తుంది; వంపు తిరిగినది చెయ్యే ఇవ్వాలి.

సెంటరు ఎందుకు వచ్చింది, చక్కు ఎందుకు వచ్చింది

కర్ర ఒకే దిక్కుకు ఆగకుండా తిరగాలంటే చక్రం కావాలి. 15వ శతాబ్దం చివర ఇటలీలో లియొనార్డో డావించి కాలితో తొక్కే చక్రం లేతును బొమ్మ గీసినాడు. ఆ తరువాత ఆవిరి, దాని తరువాత కరెంటు మోటారు వచ్చినవి. అప్పుడు తాడు కర్రకు చుట్టుకోదు. ఇరుసు తిరుగుతుంది, ఆ ఇరుసు కర్రను తిప్పాలి. మామూలు మొన అయితే కర్రలో జారిపోతుంది. అందుకని మొన చుట్టూ రెండు గానీ నాలుగు గానీ పళ్ళు పెట్టినారు. ఆ పళ్ళు కర్ర తలలో దిగి దానిని తిప్పుతాయి. దీనినే డ్రైవ్ సెంటర్ అంటారు. అవతలి చివరను టెయిల్‌స్టాక్ మొన నొక్కి పట్టుకుంటుంది.

ఇక చక్కు సంగతి. కర్రను ఒక చివరనే దవడలతో గట్టిగా పట్టుకుంటే రెండో చివర ఖాళీగా ఉంటుంది, దానిని తొలచవచ్చు. గిన్నె, డబ్బీ, కుంకుమ భరిణె, అత్తరు బుడ్డి అట్లా వస్తాయి. అన్ని దవడలూ ఒకేసారి సమంగా దగ్గరికి వచ్చే చక్కులు 19వ శతాబ్దంలో వ్యాపించినవి. అమెరికాలో సైమన్ ఫెయిర్‌మన్ 1840లో పేటెంటు తీసుకున్నాడు.

రెండూ కలిపి వాడే పద్ధతి

ఇప్పుడు లేతు పెట్టుకున్న పిల్లలకు వచ్చే ప్రశ్న ఒకటున్నది. చక్కు ఇరుసుకు బిగించి ఉన్నది. మధ్యలో ఒక మంచం కోడు తిప్పవలసి వచ్చింది. చక్కు మొత్తం విప్పి సెంటరు పెట్టాలా? అక్కరలేదు. సెంటరునే చక్కు దవడలలో పట్టించవచ్చు. అయితే కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

మొదటిది. ఇరుసు రంధ్రంలో దిగే సెంటరుకు తోక వాలుగా ఉంటుంది. దీనిని మోర్స్ టేపర్ అంటారు. అడుగు పొడవుకు ముప్పాతిక అంగుళం లోపే సన్నబడుతుంది గనుక కంటికి నిటారుగానే కనిపిస్తుంది. కాని దానిని దవడలలో పెడితే తోక లావుగా ఉన్న ఒక్క చోటనే పట్టు దొరుకుతుంది, మిగిలినది ఊగుతుంది. అందుకే చక్కులో పెట్టే సెంటరుకు తోక నిటారుగా గానీ, దవడల వాలుకు సరిపోయేటట్లు గానీ ఉండాలి. సెంటరు భుజం దవడల ముఖానికి ఆనుకొని కూర్చోవాలి. అప్పుడు టెయిల్‌స్టాక్ ఎంత నొక్కినా సెంటరు వెనుకకు జారదు.

రెండవది. గట్టి కర్ర అయితే తలమీద మూల నుంచి మూలకు రంపంతో గాటు పెట్టి, సెంటరును బల్ల మీద కొయ్య సుత్తితో కొట్టి దించాలి. లేతు మీద పెట్టి సుత్తితో కొడితే బేరింగులు చెడిపోతాయి.

మూడవది. చక్కు సెంటరును పట్టుకుంటుంది గాని కర్రను పట్టుకోదు. కర్రను నిలిపేది టెయిల్‌స్టాక్ నొక్కుడే. పని మధ్యలో పళ్ళు లోపలికి దిగేకొద్దీ ఆ నొక్కుడు సడలుతుంది. అప్పుడప్పుడు లేతు ఆపి బిగించాలి.

నాలుగవది. తిరిగే చక్కు దవడలు కంటికి కనిపించవు, వేళ్ళకు మాత్రం తగులుతాయి. ఉలి ఆనించే రెస్టును దవడలకు దూరంగా పెట్టుకోవాలి. వదులు చొక్కా చేతులు, తువాలు, దుపట్టా, లుంగీ అంచు లేతు దగ్గరికి రానీయరాదు. కండ్లకు అద్దాలు తప్పనిసరి.

వరుస కూడా చెప్పాలి. ముందు రెండు సెంటర్ల నడుమ కర్రను గుండ్రంగా తెచ్చి, ఒక చివర దవడలు పట్టేటట్లు చిన్న బొడుపు తిప్పుకోవాలి. తరువాత సెంటరు తీసి ఆ బొడుపును చక్కులో పట్టించి, టెయిల్‌స్టాక్ వెనుకకు జరిపి లోపల తొలచాలి. పట్టు మారినప్పుడు కర్ర వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. అందుకని తొలిచే ముందు పైన మళ్ళీ ఒకసారి సన్నగా ఉలి ఆడించాలి. చిన్న పనికి ఇంకొక ఉపాయం ఉన్నది. పనికిరాని కర్ర ముక్కను చక్కులో పట్టించి, అక్కడికక్కడే మొనగా తిప్పుకుంటే అది ఇరుసుకు కచ్చితంగా నడుమనే ఉంటుంది. విల్లు లేతు వాడిన పాత ఖరాదీ రెండు మొనల నడుమ కోరుకున్నదీ ఇదే. యంత్రం మారినా నడుమ తప్పరాదనే సూత్రం మారలేదు.

ఇది మనకు ఎందుకు

రాయచోటి నుంచి వేలమంది కువైటుకు, ఇతర గల్ఫు దేశాలకు పోయినారు. వారి కష్టంతోనే ఎన్నో ఇండ్లు లేచినవి, ఎందరో ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. కాని 1990 ఆగస్టు 2న కువైటు మీద ఇరాకు దండెత్తినప్పుడు లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయులను విమానాలలో వెనుకకు తేవలసి వచ్చింది. తట్టాబుట్టా అక్కడ వదలి వచ్చినవారు చేతిలో ఉన్న పనిని మాత్రం వదలి రాలేదు. డ్రైవరు, వడ్రంగి, టైలరు, తాపీమేస్త్రీ ఎక్కడ దిగితే అక్కడ పని వెతుక్కోగలిగినారు. పని తెలియనివారే ఎక్కువ ఇబ్బంది పడినారు.

ప్లాస్టిక్కు, స్టీలు వచ్చి మంచం కోళ్ళ బేరం తగ్గిన మాట నిజమే. ఐ.టి.ఐ.లలో టర్నరు అని నేర్పేది కూడా ఇనుము తిప్పే పనే. అయినా సెంటరు, చక్కు, టేపరు, ఇరుసు అన్న లెక్కలు కర్రకూ ఇనుముకూ ఒక్కటే. కర్ర మీద చెయ్యి కుదిరిన కుర్రవాడికి ఇనుప లేతు కొత్తగా అనిపించదు. ఏటికొప్పాక, చన్నపట్న, ఉదయగిరి చూపిస్తున్నది కూడా అదే: నాణ్యం నిలబెట్టుకుంటే పాత పనికి కొత్త బేరం దొరుకుతుంది.

కాబట్టి సభ్యులకు, తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలను చదివించండి, చదువుతోపాటు చేతికి ఒక పని కూడా నేర్పించండి. మీ ఇంట్లో గానీ వీధిలో గానీ తరిమెన పట్టిన ముసలివారెవరైనా ఉంటే, మనవళ్ళను వారి దగ్గర కూర్చోబెట్టండి. ఉలి ఏ వాలుకు పట్టాలో పుస్తకం కొంతవరకే చెబుతుంది. మిగిలినది వారి చెయ్యి చూసి నేర్చుకోవలసిందే.