ఫోటో తీస్తే చాలునా?



మన కోయంబత్తూరు వాళ్ళకు కలంగల్ పేరు కొత్త కాదు. జి.డి. నాయుడు గారు 1893లో పుట్టిన ఊరు. దానికి దగ్గరలోనే సూలూరు విమాన స్థావరం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంనుంచి అక్కడ విమానాలు దిగుతున్నాయి. నాయుడు గారికి కెమెరా అంటే ప్రాణం. 1936లో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను ఫిలిం తీసినవారు. విమానమూ కెమెరా కలిస్తే దేశానికి ఏమి పనికివస్తాయో ఈరోజు వ్రాస్తున్నాము.

శత్రువు భూమిని దూరంనుంచి ఫోటో తీయడానికి రెండు కావాలి: ఎత్తు, పెద్ద లెన్సు. 12 కిలోమీటర్ల ఎత్తునుంచి 36 అంగుళాల లెన్సుతో నేరుగా క్రిందికి తీస్తే, ఫిలిం మీద ఒక సెంటీమీటరు అంటే నేలమీద సుమారు 130 మీటర్లు. కెమెరాను పక్కకు వంచితే సరిహద్దు దాటకుండానే అవతలి వైపు దొరుకుతుంది. దూరం పెరిగేకొద్దీ మంచు, ధూళి అడ్డం వస్తాయి గనుక పసుపు, ఎరుపు ఫిల్టర్లు వేస్తారు. ఒకే చోటును రెండు కోణాలలో తీసి స్టీరియోస్కోపులో చూస్తే గుట్ట ఎత్తుగా, కందకం లోతుగా కనబడతాయి.

మన వైమానిక దళంలో 106వ స్క్వాడ్రన్ కాన్‌బెర్రా విమానాలు ఈ పని చేశాయి. జగ్ మోహన్ నాథ్ గారు 1962 యుద్ధానికి ముందు అక్సాయ్ చిన్, టిబెట్ మీద ఎగిరి చైనా సైన్యం ఫోటోలు తెచ్చారు. మహావీరచక్రం రెండుసార్లు పొందినవారు. అయినా తాను తెచ్చిన ఫోటోలను పైవారు నమ్మలేదని ఆయనే తరువాత చెప్పారు. ఆ యుద్ధంలో మన దాడి విమానాలను వాడనే లేదు.

మేము రైల్వేలో ఏళ్ళ తరబడి రిజిస్టర్లు వ్రాసినవాళ్ళం. వ్రాసిన పద్దును ఎవరూ చూడకపోతే వ్రాయనట్టే. ఫోటో కూడా అంతే. తీసిన కన్ను ఎంత గొప్పదైనా, చదివే కన్ను లేకపోతే అది వట్టి కాగితం.

కోయంబత్తూరులో, మదురైలో మన ఇండ్ల ట్రంకుపెట్టెలలో తాతల ఫోటోలు ఉన్నాయి. ఆ ముఖాలను గుర్తుపట్టేవారు ఒక్కొక్కరుగా పోతున్నారు. మా అమ్మ ఉండగా మేము అడగలేదు. మా ఇంటి పెండ్లి ఫోటోలో పదకొండు మంది ఉంటే నలుగురికి ఇప్పుడు పేరు లేదు.

ఈ ఆదివారం మీ పెద్దల పక్కన కూర్చొని అడగండి. ఫోటో వెనుక పెన్సిలుతో పేరు, ఊరు వ్రాయండి. తెలుగు వ్రాయడం రాకపోతే తమిళంలోనే వ్రాయండి. మేమూ అలాగే మొదలుపెట్టినాము.