సిద్ధాంత గ్రంథ రచనా శిబిరాలు: ఉద్దేశం, విధానం, పరిమితులు

పీహెచ్‌డీ పరిశోధనలో చివరి మజిలీ సిద్ధాంత గ్రంథ రచన. కోర్సు వర్క్, సమాచార సేకరణ పూర్తిచేసిన విద్యార్థులు సైతం ఈ దశలో ఏళ్ల తరబడి నిలిచిపోవడం కద్దు. అమెరికా గ్రాడ్యుయేట్ పాఠశాలల మండలి 2008లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, అందులో పాల్గొన్న విశ్వవిద్యాలయాల్లో పదేళ్లలోపు పీహెచ్‌డీ పూర్తిచేసినవారు సుమారు 57 శాతమే.

తరగతులకు వేళలు, పరీక్షలకు తేదీలు ఉంటాయి. గ్రంథ రచనకు అలాంటి దినచర్య ఉండదు; విద్యార్థి ఒంటరిగా సాగాలి. ఈ లోటును పూరించేందుకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2005లో ‘డిసర్టేషన్ బూట్ క్యాంప్’ను ప్రారంభించింది. అనంతరం పలు విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతిని స్వీకరించాయి.

శిబిరం సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు వారాల వరకు సాగుతుంది. విద్యార్థులు నిర్ణీత వేళకు ఒకే గదిలో చేరి, ఆ రోజు రాయదలచిన భాగాన్ని ముందుగా నిర్ణయించుకుని, ఫోన్లు పక్కన పెట్టి రాస్తారు. పరిశోధకులు సోహుయ్ లీ, క్రిస్ గోల్డ్ 2013లో వీటిని రెండు రకాలుగా విభజించారు. మొదటి రకం రాసేందుకు సమయం, స్థలం మాత్రమే కల్పిస్తుంది. రెండో రకంలో వీటితోపాటు రచనా ప్రక్రియపై చర్చలు, సలహాదారులతో సంప్రదింపులు ఉంటాయి. సలహాదారు అధ్యాయాన్ని రాసిపెట్టరు. వాదన ఎక్కడ తెగిందో గుర్తించేందుకు తోడ్పడతారు.

భారత్‌లోనూ ఈ అవసరం స్పష్టం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. విశ్వవిద్యాలయం మరో రెండేళ్లు పొడిగించవచ్చు. పరిశోధకులకు తమ విషయానికి సంబంధించిన బోధన, రచనల్లో శిక్షణ ఇవ్వాలని కూడా ఇవే నిబంధనలు పేర్కొంటున్నాయి. మరోవైపు, 2018 నాటి గ్రంథచౌర్య నిరోధక నిబంధనల ప్రకారం ఇతర రచనలతో పోలిక పది శాతం దాటితే చర్యలు తప్పవు. తెలుగు మాధ్యమంలో చదివి ఆంగ్లంలో గ్రంథం రాయాల్సిన విద్యార్థికి, చదివిన దాన్ని సొంత వాక్యాల్లో చెప్పడమే తొలి పరీక్ష. ఆ నేర్పు కొరవడితే, మోసగించే ఉద్దేశం లేకున్నా మూల వాక్యాలే గ్రంథంలోకి చేరిపోయే ప్రమాదం ఉంది.

అయితే శిబిరం సర్వరోగ నివారిణి కాదు. అసంపూర్ణ విశ్లేషణను అది పూరించలేదు. పర్యవేక్షకుని మార్గదర్శనానికి ప్రత్యామ్నాయమూ కాలేదు. ముగిశాక అదే క్రమం కొనసాగకపోతే ఫలితం నిలవదు. శిబిరాలు లేనిచోట నలుగురైదుగురు పరిశోధకులు గ్రంథాలయంలో రోజూ ఒకే వేళకు కూర్చుని రాయడం, వారానికోసారి పరస్పరం చదివి వ్యాఖ్యానించుకోవడం ఖర్చులేని ప్రత్యామ్నాయం.