పొయ్యి పక్క పడక నుంచి విద్యుత్ దుప్పటి వరకు

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా జగర్గుండాలోను, దాని చుట్టూ అడవిలో చెదురుమదురుగా ఉన్న కోయ, దోర్లా, మురియా పల్లెల్లోను చలికాలపు రాత్రి గడవడానికి మొదటినుంచి ఆధారం పొయ్యే. తడికెలు అల్లి మట్టి మెత్తిన గోడలు, పెంకు కప్పులు పొగను ఎంత సులువుగా బయటికి పోనిస్తాయో వేడిని కూడా అంతే సులువుగా పోనిస్తాయి కనుక, ఇల్లంతా వెచ్చబడాలన్న ఆశ అక్కడ ఎవరూ పెట్టుకోలేదు. వెచ్చబడవలసింది మనిషి ఒళ్ళు మాత్రమేనని గ్రహించి నిప్పుకు దగ్గరగా పడుకున్నారు. లావుపాటి మొద్దుల కొసలను ఒకచోట కలిపి రాజేసి, కొస కాలినకొద్దీ మొద్దును లోపలికి జరుపుతూ పోతే, మంట పెద్దగా లేకుండానే నిప్పు తెల్లవారేదాకా నిలుస్తుంది. పొద్దున జావ కాగేది కూడా ఆ నిప్పు మీదే.

ఇక్కడికి ఉత్తరాన ఉన్న మురియా గోండుల గోటుల్‌లో, అంటే పెళ్ళికాని యువతీయువకులు రాత్రిళ్ళు కలిసి గడిపే సామూహిక గృహంలో, నిప్పుకు కావలసిన కట్టెను సభ్యులే తెచ్చి ఇవ్వవలసి ఉండేదని మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో వెలువడిన తన మురియా గ్రంథంలో నమోదు చేశాడు. వెచ్చదనం అనేది ఎవరికి వారు సమకూర్చుకునే సుఖంగా కాక అందరూ కలిసి మోయవలసిన బాధ్యతగా ఉండేదనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

గదిని వదిలి ఒంటిని కాచుకునే ఈ పద్ధతి జగర్గుండా ఉన్న బస్తర్ ప్రాంతానికే పరిమితం కాదు. కాశ్మీరీలు ఫెరన్ లోపల పట్టుకునే కాంగ్రీ, తెలుగిళ్ళలో బాలింత మంచం దగ్గర పెట్టే బొగ్గుల కుంపటి, జపానులో దుప్పటి కప్పిన బల్ల కింద ఒకప్పుడు నిప్పు ఉంచిన కొటాట్సు ఈ జాతివే. వీటన్నిటికీ ఉన్న లోపం కూడా ఒక్కటే: నిప్పు, పొగ, వేడి విడదీయరాకుండా కలిసి వస్తాయి.

ఆ విడదీతకు శాస్త్రాధారం 1841లో దొరికింది. తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి, తీగ నిరోధానికి, అంటే ప్రవాహాన్ని అడ్డుకునే దాని గుణానికి, అనులోమంగా ఉంటుందని జేమ్స్ జూల్ ఆ ఏడు నిరూపించాడు. దాన్ని పడకకు తెచ్చినవాడిగా అమెరికా వైద్యుడు సిడ్నీ రస్సెల్ పేరు చెబుతారు. 1912 నాటి ఆయన పరికరం బరువైనది, మొరటైనది, పైన కప్పుకునేది కాక కింద పరుచుకునేది. క్షయరోగులను ఆరుబయటి చలిలోనే పడుకోబెట్టే శానిటోరియంలలో 1920ల నాటికి ఇటువంటి పరుపులకు గిరాకీ ఏర్పడింది. తరువాతి మెరుగుదల యుద్ధం వల్ల వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో గడ్డకట్టే చలిలో ఎగిరే బాంబరు విమానాల సిబ్బందికి, విమానంలోని 24 వోల్టుల విద్యుత్తుతో వేడెక్కే దుస్తులు కుట్టించారు. మొదటి నమూనాలలో తీగలను శ్రేణిలో, అంటే ఒకదాని కొసకు మరొకటి తగిలేలా కలిపినందువల్ల ఎక్కడో ఒకచోట తెగితే దుస్తులన్నీ చల్లబడేవి. తరువాత వేర్వేరు దారుల్లో సమాంతరంగా కలిపారు. సన్నని తీగను బట్టలో మడతపడినా తెగకుండా ఇమిడ్చే నేర్పు అలా అలవడి, యుద్ధానంతరం ఇళ్ళలోని దుప్పట్లకు ఉపయోగపడింది.

గదిని వేడిచేసే హీటరు 1,500 వాట్లు తీసుకుంటే చిన్న విద్యుత్ దుప్పటికి 60 వాట్లు చాలు. నిద్రపోతున్న మనిషి శరీరమే దాదాపు 70, 80 వాట్ల వేడిని వెలువరిస్తుంది కనుక దుప్పటి చేసేది ఆ వేడికి కొంత తోడు కావడమే. రాత్రి ఎనిమిది గంటలూ ఆపకుండా వాడినా అర యూనిట్ దాటదు; పడుకోబోయే ముందు గంటసేపు పక్కను వెచ్చచేసి ఆపేస్తే 60 వాట్-గంటలతో సరిపోతుంది. 12 వోల్టులతో నడిచే రకానికి విద్యుదాఘాతపు భయం చాలా తక్కువ. అయితే అదే 60 వాట్లకు 230 వోల్టుల దగ్గర పావు ఆంపియరు సరిపోగా 12 వోల్టుల దగ్గర అయిదు ఆంపియర్లు ప్రవహించాలి కాబట్టి, తీగ లావుగా, అతుకులు గట్టిగా లేకపోతే అతుకు దగ్గరే కాలుతుంది. మడతపెట్టి వాడడం, తడిగా ఉన్నప్పుడు తగిలించడం, పసిపిల్లలకు, స్పర్శ తగ్గిన మధుమేహ రోగులకు కప్పడం కూడదన్నది ఏ రకానికైనా వర్తిస్తుంది.

ఇటువంటి దుప్పటి జగర్గుండాకు అందాలంటే ముందు అక్కడి పరిస్థితి చూడాలి. ఒకప్పుడు చింతపండు, అటవీ ఉత్పత్తుల సంతతో కళకళలాడిన ఆ ఊరు, మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వా జుడుం ఉద్యమ కాలంలో ముళ్ళకంచె మధ్య శిబిరంగా మారి, రేషన్ సైతం భద్రతా బలగాల వెంట నెలల తరబడి విరామంతో వచ్చే స్థితికి చేరింది. 2006లో మూతపడిన అక్కడి బడి 2019లో తిరిగి తెరుచుకుంది. చుట్టుపక్కల పల్లెలను వదిలి ఎందరో గోదావరి లోయకు, నాటి ఖమ్మం జిల్లాకు తరలిపోయారు. 2024లో ప్రారంభమైన నియద్ నెల్లా నార్ పథకం భద్రతా శిబిరాల చుట్టూ ఉన్న పల్లెలకు రోడ్డు, కరెంటు, గ్యాసు చేర్చే పని పెట్టుకుంది.

ఇక్కడే గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పొయ్యి రెండు పనులు చేసేది: వండేది, కాచేది. గ్యాసు పొయ్యి మొదటి పనిని పొగ లేకుండా చేస్తుంది, ఆడవాళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ కాపాడుతుంది, అది నిజంగా గొప్ప మేలు. కాని వంట ముగిసి గ్యాసు ఆపగానే రాత్రికి మిగిలే నిప్పు ఉండదు. ఆ రెండో పని ఎవరు చేయాలో ఏ పథకమూ లెక్కలోకి తీసుకోనంతకాలం, సిలిండరు ఉన్న ఇంట్లో కూడా కట్టెల మంట ఆరదు, ఆర్పమని చెప్పడం న్యాయమూ కాదు. సౌరపలకలతో 12 వోల్టుల దీపాలు వెలిగే ఇంటికి అదే వోల్టేజి దుప్పటి సహజంగా అతుకుతుంది. 12 వోల్టుల, 40 ఆంపియర్-గంటల బ్యాటరీలో నిలవ ఉండేది 480 వాట్-గంటలు మాత్రమే కాబట్టి రాత్రంతా నడిపితే దీపానికి ఏమీ మిగలదు, గంటసేపు నడిపితే మాత్రం ఇబ్బంది ఉండదు.

అందరికంటే ముందు ఈ దుప్పటి అవసరం ఉన్నది పిల్లలకు. బడులు ధ్వంసమైన పల్లెల పిల్లల కోసం దక్షిణ బస్తర్‌లో కట్టిన పోర్టా క్యాబిన్లు, అంటే వెదురు పలకలను బిగించి నిలబెట్టిన ఆశ్రమ పాఠశాలలు, నిప్పు పెట్టుకోవడానికి వీలులేనివి. అక్కడ పొయ్యి పక్కన పడుకునే అవకాశం పిల్లలకు లేదు. నిపుణులు పరీక్షించిన తీగలతో, ఒక్కో పడకకు 30 వాట్ల చొప్పున 20 పడకలకు తక్కువ వోల్టేజి దుప్పట్ల వరుస వేస్తే మొత్తం 600 వాట్లు అవుతుంది, అది ఒక్క గది హీటరు తీసుకునేదానిలో సగం కూడా కాదు.