కథ తెలుగులో, రాయి కన్నడంలో: మా లేపాక్షి ప్రయాణం

మా ఇంట్లో చిన్నపిల్లను బడిలో చేర్పించే ఫారం నింపేటప్పుడు ఒక గడి దగ్గర అందరం ఆగిపోయినాం. అక్కడ "మాతృభాష" అని ఉంది. "కన్నడ అని రాసెయ్, ఉండేది కర్ణాటకలో, ఏమిటికి తలనొప్పి" అన్నాడు చిన్నాయన. అవ్వ అప్పుడేమీ అనలేదు. కాసేపటికి వంటింట్లో నుంచి, "అయితే నేను ఆ బిడ్డతో ఇన్ని దినాలూ మాట్లాడింది ఏం భాషో" అని మాత్రం వినపడింది. ఆ గడి ఖాళీగానే వదిలి, ఫారం తీసి ఫ్రిజ్ మీద పెట్టేసినాం.

ఆ శనివారమే అందరం లేపాక్షికి పోవాలని అంతకు ముందే అనుకున్నాం. ఫారానికీ ఆ గుడికీ సంబంధం ఉంటుందని పోయేటప్పుడు మాకు తోచలేదు.

మేము చింతామణి దిక్కు వాళ్లమని మన బంధువులకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పదో తరగతి దాకా కన్నడ మీడియమే. తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది ఉద్యోగంలో చేరినాక, బస్సు బోర్డులూ సినిమా పేర్లూ చూసి. కాబట్టి ఈ రాతలో తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దండి.

బెంగళూరు నుంచి లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పెద్దరోడ్డు వదిలి పక్కకు తిరగాలి. బాగేపల్లిలో టీకి ఆగినాం. అంగడి బోర్డు కన్నడం, అంగడాయన మాట తెలుగు. చెక్‌పోస్టు దాటినాక బోర్డులు తెలుగైనాయి, మాట మాత్రం అదే. అవ్వకు చదువు రాదు. రాష్ట్రం మారిందని మేము చెప్పేదాకా ఆమెకు తెలియనే లేదు.

ఊర్లోకి పోతానే ముందు కనిపించేది నంది. ఒకే బండలో చెక్కింది, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటలూ హారాలూ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. అక్కడి నుంచి గుడి దగ్గరే. తాబేలు వీపు మాదిరి ఉండే చిన్న రాతిగుట్ట మీద కట్టినారు కాబట్టి ఆ గుట్టను కూర్మశైలం అంటారు.

గుడి వీరభద్రస్వామిది. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించినారు. అచ్యుతరాయలు శ్రీకృష్ణదేవరాయల తమ్ముడు. ఈ అన్నదమ్ములు పెనుకొండ సీమలో రాజుగారి కింద అధికారం చేసినవాళ్లు. లోపల వీరభద్రుడితో పాటు శివుడికీ విష్ణువుకూ కూడా గర్భగుళ్లు ఉన్నాయి.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరేం చెప్పినా "నిజమేనా, చూసి చెప్పు" అనడమే మా పని. గుడిలో కూడా ఆ బుద్ధి పోలేదు. చెప్పుకునేది ఒక పక్క, కంటికి కనిపించేది ఒక పక్క రాసుకుంటా తిరిగినాం.

మొదట వేలాడే స్తంభం. నేలకు ఆనకుండా ఉందంటారు. అవ్వ తన తువ్వాలు కింద దూర్చి ఇవతలికి లాగింది. తువ్వాలు వచ్చింది కానీ ఒక మూలన కొంచెం పట్టుకుంది. "ఒక కాలు ఆనించుకుని నిలబడింది, నా మాదిరి" అని నవ్వింది అవ్వ.

తరువాత ఏడు పడగల నాగలింగం. శిల్పుల తల్లి వంట చేసి పిలిచేలోపల దాన్ని చెక్కేసినారని కథ. "ఆ యమ్మ ఏం వండిందో, ఎంత సేపు వండిందో" అన్నది అవ్వ. దానికి మా దగ్గర టెస్ట్ కేస్ లేదు.

కల్యాణమంటపం దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. స్తంభాలు నిలబడి ఉన్నాయి, పైకప్పు లేదు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టినాడని రాజుకు కోపం వచ్చిందనీ, శిక్ష పడకముందే విరూపణ్ణ తన కళ్లు తానే పెరుక్కొని గోడకు కొట్టినాడనీ చెప్తారు. గోడ మీది ఎర్ర మరకలు చూపిస్తారు. లేపాక్షి అనే పేరు కూడా ఆ కళ్ల నుంచే వచ్చిందంటారు. కథ కారణం చెప్తుంది. రాయి మాత్రం పని మధ్యలో ఆగిపోయిందని చెప్తుంది, అంతే. కానీ లోపల పైకప్పు మీది బొమ్మల్లో విరూపణ్ణ, వీరణ్ణ ఇద్దరూ పరివారంతో పూజలో నిలబడి ఉన్నారు, తలమీద పొడుగాటి కుల్లాయిలు పెట్టుకుని. దాదాపు 500 ఏండ్లయినా ఆ రంగులు కొన్నిచోట్ల ఇంకా నిలిచి ఉన్నాయి. అవ్వ మెడ నొప్పి పుట్టేదాకా చూసింది, దేవుళ్లను కాదు, ఆడవాళ్ల చీరల అంచులను.

పేరుకు ఇంకొక కథ ఉంది. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయేటప్పుడు అడ్డుపడిన జటాయువు ఇక్కడే కూలిందనీ, రాముడు దాన్ని చూసి "లే పక్షీ" అన్నాడనీ. చిన్నపిల్లకు ఈ కథ చెప్తా ఉంటే అది తటుక్కున అడిగింది: "రాముడు తెలుగులో మాట్లాడినాడా?"

ఆ ప్రశ్న మమ్మల్ని ఆపేసింది. కన్నడంలో చెప్పాలంటే "ఏళు పక్షి" అనాలి. అందులోంచి లేపాక్షి రాదు. సంస్కృతంలో కూడా రాదు. అంటే ఈ కథ పుట్టింది తెలుగు నోట్లోనే. గుడికి వచ్చిపోయే ఈ ఊరి జనం, అవ్వలాంటి వాళ్లు, రాముడి నోట తమ మాటే పెట్టుకున్నారు.

మరి గుడి కట్టించినవాళ్లు రాయి మీద ఏ భాషలో రాయించినారు? ప్రాకారంలో శాసనాలు ఉన్నాయి. ఆ అక్షరాల ముందు నిలబడి మేము కూడబలుక్కున్నాం. ఆ కాలంలో తెలుగు, కన్నడ లిపులు ఇంకా చాలా దగ్గర, అందువల్ల అక్కడక్కడా ఒక్కో అక్షరం మాకు దొరికింది. చిన్నపిల్ల కూడా బడిలో నేర్చిన అక్షరాలను వేలుతో గాలిలో రాసి చూపించింది. భాష మాత్రం తెలుగు కాదు. లేపాక్షి శాసనాలు కన్నడ శాసనాలు. ఆంధ్రప్రదేశ్‌లో, శ్రీ సత్యసాయి జిల్లాలో, తెలుగు పేరు కథ చెప్పుకునే గుడిలో, రాయి కన్నడంలో ఉంది.

మేము అక్కడ మాట్లాడుకునేది విని, కోస్తా దిక్కు నుంచి వచ్చిన ఒకామె "మీరు కన్నడం వాళ్లా అండీ, తెలుగు బాగానే మాట్లాడుతున్నారు" అన్నది. మెచ్చుకోలుగానే అన్నది పాపం. బెంగళూరు ఆఫీసులో అయితే మమ్మల్ని "తెలుగోళ్లు" అంటారు. రెండు చోట్లా మేము పక్కింటివాళ్లమే. అవ్వ ముఖం చిన్నబోయింది. కానీ ఆ శాసనం ముందు నిలబడి ఉన్నాం కాబట్టి మాకు అంత నొప్పి తగల్లేదు. ఆ రాయి కూడా మా మాదిరే కదా, ఒక భాష రాత, ఒక భాష మాట.

వెనక్కి వస్తా కారులో చరిత్ర లెక్క వేసుకున్నాం. శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో ఆముక్తమాల్యద రాసినాడు. ఆయన రాజధాని హంపి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. మన కోలారులో కోలారమ్మ గుడికి పోతే గోడల మీద చోళుల కాలం తమిళ శాసనాలు ఉన్నాయి. అట్లని కోలారును ఎవరూ తమిళ ఊరు అనరు. రాజులు, అధికారులు, వ్యాపారులు తమకు కావలసిన భాషలో రాయించుకున్నారు. కింద జనం తమ మాట తాము మాట్లాడుకున్నారు. ఒక ఊరికి ఒకే భాష ఉండాలనే పట్టు అప్పుడు లేదు.

భాషను బట్టి హద్దులు గీసింది నిన్న మొన్న. మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది 1953 అక్టోబరు 1న. బళ్లారి జిల్లాను అప్పుడే పంచినారు: ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు. 1956 నవంబరు 1న ఎక్కువగా భాష ప్రకారం రాష్ట్రాలను మళ్లీ కూర్చినారు. మన పెద్దలు పెనుకొండ దిక్కు నుంచి వచ్చినారని తాత చెప్పేవాడు. దానికి మన దగ్గర కాగితం ఏదీ లేదు, అందుకని నిజమని రాయలేము. కానీ వచ్చి ఉంటే, వాళ్లు ఏ రాష్ట్రమూ దాటి రాలేదు. ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి బండి కట్టుకుని వచ్చినారు, అంతే. మన కైవారం నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడినాడు. రెండింటిలో నీది ఏదని ఆయన్ను నిలదీసే ఫారం ఆనాడు లేదు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. ఫ్రిజ్ మీది ఫారం తీసి, మాతృభాష గడిలో "తెలుగు" అని రాసినాం. రాసింది మాత్రం కన్నడ అక్షరాల్లో, ఎందుకంటే ఫారం కన్నడంలో ఉంది. చిన్నాయన చూసి "సరే, బడివాళ్లు అడిగితే నేను చెప్తాలే" అన్నాడు. అవ్వకు చదివి వినిపించినాం. "ఏ అక్షరమైతే ఏమి, నా పేరే కదా" అన్నది. అక్కడ రాసింది భాష పేరు, ఆమె పేరు కాదు. ఎవరూ సరిచేయలేదు.

మన వాళ్లకు ఒక మనవి. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల శాసనాలను బి. ఎల్. రైస్ 1905లోనే ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంలో అచ్చు వేసినాడు. మీ ఊరి గుడిలోనో, చెరువు కట్ట మీదో రాత ఉన్న రాయి ఉంటే, సున్నం కొట్టకముందే దానికి ఒక ఫోటో తీసి పంపండి. ఆ సంపుటంలో ఉందేమో వెతికి చూస్తాం. అది ఏ భాష అయినా సరే, మన ఊరిదే.