నాయనమ్మ అనుకున్న నాలుగు

ఒంటరి కొంగ ఒకటి ఎదురుగా ఎగిరి వస్తున్న గుంపును చూసి, "వందమందీ కలిసి ఎటు పోతున్నారు?" అని అడిగిందట. "మేం వందమందిమి కాము. మేమూ, మా అంతమందీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, నువ్వూ కలిస్తే వంద" అన్నాయట గుంపులోని కొంగలు. మరి గుంపులో ఉన్నవెన్ని?

కామాఠీపురాలో మా చాల్ గదుల్లో ఉక్కపోతకు నిద్రపట్టక అందరూ వరండాలో చాపలు పరచుకున్న రాత్రుల్లో మా నాయనమ్మ ఈ లెక్క వేసేది. అప్పుడప్పుడే బడిలో బీజగణితం మొదలుపెట్టిన నేను ఎక్స్ అనుకుని, భిన్నాలు కలపబోయి చిక్కుపడ్డాను. ఆమె వేళ్ల మీదే తేల్చింది.

"వందల నుంచి ఆ ఒంటిదాన్ని తీసెయ్ బిడ్డా. తొంభై తొమ్మిది. ఇప్పుడు గుంపుల నాలుగే ఉన్నయనుకో. నాలుగు, ఇంకో నాలుగు, సగం రెండు, దాంట్ల సగం ఒకటి. మొత్తం పదకొండు. తొంభై తొమ్మిదిల పదకొండు తొమ్మిదిమాట్ల ఉన్నది. నాలుగు తొమ్ములు ముప్పై ఆరు."

నాలుగే ఎందుకనుకోవాలి? సగంలో సగం ముక్క కాకుండా రావాలి కాబట్టి. ఉపాయమంతా ఆ ఎంపికలోనే ఉంది. రెండు అనుకుంటే అర కొంగ వచ్చిపడుతుంది.

తోచిన సంఖ్య అనుకుని, వచ్చినదానితో సరిచూసి పెంచుకునే ఈ పద్ధతికి భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఇష్టకర్మ అని పేరు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. భారతం తెలుగులోకి వచ్చిన కాలానికి కాస్త అటూ ఇటూగా లెక్కల శాస్త్రమూ తెలుగులోకి వచ్చిందన్నమాట. మన సాహిత్య సభల్లో నన్నయ గురించి గంటలు మాట్లాడతాం గాని మల్లన పేరెత్తేవాళ్లు తక్కువ.

దాదాపు ఇదే లెక్క క్రీ.శ. 800 ప్రాంతంలో యూరప్‌లో ఆల్క్విన్ అనే గురువు పేరిట ఉన్న లాటిన్ లెక్కల సంపుటిలోనూ కనిపిస్తుంది. అక్కడ కొంగల బదులు దారినపోయే మనుషులు. జవాబు అక్కడా ముప్పై ఆరే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గాని, మా నాయనమ్మ మాత్రం లాటినూ చదవలేదు, లీలావతీ చదవలేదు. ఆమెకు అక్షరాలే రావు.

మరి ఆ నేర్పు ఎక్కడిది? అవసరం నేర్పిందే. నిజాం రాజ్యం నుంచి ఇక్కడికి కూలికి వచ్చిన కామాఠీల పేరే ఈ పేటకు నిలిచింది. ఇక్కడ సంపాదన బ్రిటిష్ రూపాయి, ఊళ్లో చెలామణీ హాలీ సిక్కా. 1950లలో హాలీ రద్దయ్యే నాటి మారకం ఆరు ఇండియా రూపాయలకు ఏడు హాలీలు. ఇక్కడ పదిహేను రూపాయలిస్తే అక్కడ పదిహేడున్నర అందాలి. "ఉన్నదాంట్ల ఆరోవంతు కలుపు" అనేది నాయనమ్మ. లెక్క రానివాడికి ఆ అర్ధరూపాయి ఎవరి జేబులో మిగిలేదో చెప్పనక్కర్లేదు. నేను బ్యాంకులో మారకాల పట్టికలు చూసినప్పుడల్లా ఆ ఆరోవంతే గుర్తొచ్చేది.

రూపాయిలో సగం అర్ధరూపాయి, దానిలో సగం పావలా, ఇంకో సగం బేడ, మరో సగం అణా. సగంలో సగం అనేది ఆమెకు పొడుపుకథ కాదు, కొంగున మూటగట్టుకున్న చిల్లర. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఆ సగాల మెట్లు పోయాయి. మా ఇంటి పిల్లలకు ఇప్పుడు బేడ అన్న మాటే తెలియదు.

ఒకసారి నాయనమ్మను ఇరికిద్దామని వందను రెండువందలు చేసి అదే లెక్క అడిగాను. ఒక్క క్షణం వేళ్లు కదిపింది.

"నూటా తొంభై తొమ్మిదిల పదకొండు పద్దెనిమిదిమాట్లు పోయి ఒకటి మిగులుతది. కొంగను కోస్తవా ఏంది? లెక్కనే తప్పు, పోయి పండుకో."